హొండలో ఎన్ని నీళ్ళు?

2023 నవంబరు రెండో వారం. బెంగళూరు ఆఫీసులో ఆ సాయంత్రానికి బిల్డు వదలాలి, నా పేరు మీద ఇంకా పదకొండు బగ్గులు ఉన్నాయి. అప్పుడు నాన్న ఫోను.

"ఒరేయ్, మన హొండ నిండితే ఎన్ని లీటర్లు పడతాయో లెక్కగట్టి చెప్పు. కాలువ ముందే ఆపేస్తారంటున్నారు."

హొండ అంటే పొలంలో తవ్వుకునే నీళ్ళ గుంట. కర్ణాటకలో కృషి హొండ అంటారు, ఆంధ్రాలో పంట కుంట అంటారని పెద్దయ్యాక తెలిసింది. మా ఇంట్లో అందరం హొండ అనే అంటాం. జేసీబీ పెట్టి తవ్వించినప్పుడు నాన్న చెప్పిన మూడు అంకెలు నాకు కంఠతా వచ్చు. పొడవు 21 మీటర్లు, వెడల్పు 21, లోతు 3.

ఫోను భుజానికి నొక్కిపెట్టి కాలిక్యులేటర్ తీశా. 21 ఇంటూ 21 ఇంటూ 3. 1,323 ఘన మీటర్లు. ఘన మీటరుకి వెయ్యి లీటర్లు.

"పదమూడు లక్షలు నాన్నా. ఇంకో ఇరవై మూడు వేలు పైన."

"అయితే మూడు తడులు వస్తాయి," అన్నాడు. ఆయన గొంతులో ఊరట వినపడింది. నేను మళ్ళీ బగ్గుల్లో పడ్డా.

ఆ రెండెకరాల మిరప ఉంచాలా, సగం వదిలేసి మిగతా సగమైనా దక్కించుకోవాలా అనే ఆలోచనలో ఉన్నాడట ఆయన. నా పదమూడు లక్షలు విని మొత్తం ఉంచాడు. ఆ సంగతి ఆ ఫోన్లో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక్కడ మా సంగతి కాస్త చెప్పాలి. మా తాతయ్య గుడివాడ దగ్గరి ఊరి నించి 1960ల్లో సిరుగుప్ప తాలూకాకి వచ్చాడు. తుంగభద్ర డ్యాము 1953లో అయింది, కాలువలు పారాయి, భూమి చవక. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చే రోజులు. అదే 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్ళారి జిల్లాని చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకిచ్చారు, మిగతాది మైసూరు రాష్ట్రానికి పోయింది. తాతయ్య గీతకి అటువైపు వచ్చి పడ్డాడు. ఇలా వచ్చినవాళ్ళ ఊళ్ళని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. అరవయ్యేళ్ళు దాటినా క్యాంపే. ఈ పేజీ చదివే మీలో సింధనూరు, గంగావతి, మాన్వి వైపు వాళ్ళకి ఇది కొత్త కాదు.

నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నాయనమ్మ నేర్పింది, తలకట్టు ఎలా పెట్టాలో చూపించి. లెక్కలు మాత్రం ఇప్పటికీ నా బుర్రలో కన్నడంలోనే నడుస్తాయి. ఉద్ద, అగల, ఆళ. ఘనపరిమాణం అనే మాట ఇది రాయడానికి వెతుక్కున్నాను, నాకు తెలిసింది ఘనఫల.

ఈ ఘనఫల వల్లే నాకు ఉద్యోగం వచ్చిందంటే నమ్ముతారా. 2013లో బెంగళూరులో ఒక ఇంటర్వ్యూ. ఎదురుగా ఉన్నాయన ఇంగ్లీషులో అడిగాడు: ఒక స్విమ్మింగ్ పూల్‌లో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయి, అంచనా వేసి చెప్పు. నేను అప్పటికి పూల్ కళ్ళతో చూడలేదు. మేం ఈత నేర్చుకుంది పిల్ల కాలువలో, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. సినిమాల్లో చూసిన పూల్ గుర్తుకు తెచ్చుకున్నా. జవాబు చెప్పకుండా, నాకొచ్చిన ఇంగ్లీషులో ఎదురు ప్రశ్న వేశా: "సర్, అడుగు రెండు వైపులా ఒకే లోతా?"

ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఒక వైపు మీటరు, ఇంకో వైపు రెండు మీటర్లు అనుకో అన్నాడు. పొడవు 25, వెడల్పు 10 అనుకున్నాం. సగటు లోతు మీటరున్నర, 375 ఘన మీటర్లు, మూడు లక్షల డెబ్బై అయిదు వేల లీటర్లు. జవాబు కంటే ఆ ప్రశ్నే బాగుందని చెప్పి టెస్టింగ్‌లోకి తీసుకున్నాడు.

పరాయివాడి పూల్‌కి, అదీ లేని పూల్‌కి, అడుగు ఎలా ఉందని అడిగినవాణ్ణి. పదేళ్ళ తర్వాత మా సొంత హొండకి అడగలేదు.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలని ప్రభుత్వమే ప్రకటించింది. మా పొలం పిల్ల కాలువ చివర ఉంది. చివరి పొలాల సంగతి మీకు తెలుసు, నీళ్ళు అందరికంటే ఆలస్యంగా వస్తాయి, అందరికంటే ముందు పోతాయి. మా వంతు వచ్చిన రాత్రి నాన్న, ఇద్దరు కూలీలు తెల్లారేదాకా ఉండి హొండ నింపారు. డిసెంబరు మొదట్లో మొదటి తడి పెట్టాడు. రెండెకరాలూ తడిసింది. ఇరవై రోజులకి రెండో తడి. ఎకరం పావు పారేసరికి ఇంజను గాలి పీల్చింది. మూడో తడి మాటే లేదు.

"హొండ అయిపోయిందిరా," అన్నాడు ఫోన్లో. అంతే. నువ్వు పదమూడన్నావు కదా అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ట్యాంకర్లు తెప్పిద్దామా అన్నా. అని పెట్టేశాక లెక్క వేస్తే, రెండెకరాలకి ఒక్క తడికి 5,000 లీటర్ల ట్యాంకర్లు 82 కావాలి. పూత రాలింది. పిందె ముడుచుకుపోయింది. మొదటి రెండు కోతలతో సరి, మూడో కోత ఇంటికి రాలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళా. పండగ మర్నాడు తాడు, నాలుగు వెదురు బొంగులు, టేపు తీసుకుని హొండలోకి దిగా. కొలవడానికి ఎండిన హొండని మించింది లేదు. మా చెల్లెలి కూతురు, ఎనిమిదేళ్ళది, గట్టు మీద కూర్చుని నోటుబుక్కులో అంకెలు రాసింది.

పైన 21 మీటర్లు సరిగ్గానే ఉంది. అడుగున కొలిస్తే 15. ఎందుకంటే మాది నల్లరేగడి. గోడ నిలువుగా తీస్తే నిలబడదు, తడి తగలగానే జారిపోతుంది. అందుకని మీటరు లోతుకి మీటరు లోపలికి వాలు పెట్టి తవ్వుతారు. మూడు మీటర్ల లోతుకి ఒక్కో వైపు మూడు మీటర్లు లోపలికి పోయింది. అంటే మా హొండ పెట్టెలా లేదు, మూకుడులా ఉంది. నేను పెట్టె లెక్క వేశా.

మూకుడు లెక్కకి ఒక పద్ధతి ఉంది, హైస్కూలు పిల్లలకి కూడా అర్థమవుతుంది. పైన విస్తీర్ణం, అడుగున విస్తీర్ణం, సరిగ్గా నడిమిన విస్తీర్ణానికి నాలుగు రెట్లు, ఈ మూడూ కలిపి, లోతుతో హెచ్చించి, ఆరుతో భాగించాలి. మాకు పైన 441, అడుగున 225, నడుమ 18 ఇంటూ 18 అంటే 324, దానికి నాలుగింతలు 1,296. మొత్తం 1,962. మూడుతో హెచ్చించి ఆరుతో భాగిస్తే 981. పదమూడు లక్షలు కాస్తా తొమ్మిది లక్షల ఎనభై వేలయ్యాయి.

అక్కడితో ఆగలేదు. గట్టు లోపలి వైపు నీళ్ళ మరక కనిపించింది, అంచుకి అర మీటరు కింద, చుట్టూ గీత గీసినట్టు. "అంతకంటే పైకి ఎక్కదురా, పిల్ల కాలువ మట్టమే అది," అన్నాడు నాన్న. అదీ నిజమే, కాలువ ఎత్తు దాటి నీళ్ళు హొండలోకి ఎలా పారతాయి? అంటే నిజంగా నిండింది రెండున్నర మీటర్లు, పైన వెడల్పు 20. మళ్ళీ లెక్క వేస్తే 771 ఘన మీటర్లు. ఏడు లక్షల డెబ్బై వేలు.

అడుగున కాలువ తెచ్చిన ఒండ్రు 15 సెంటీమీటర్లు పేరుకుంది, దానికి 34 వేల లీటర్లు తీసెయ్యాలి. ఒండ్రు పైన ఇంకో జానెడు లోపు నీళ్ళు ఇంజను ఫుట్ వాల్వుకి అందవు, దానికి 35 వేలు. రెండు తడుల మధ్య ఇరవై రోజుల్లో నీళ్ళు ఒకటిన్నర బెత్తెడు దిగాయని నాన్న గుర్తుపెట్టుకున్నాడు, ఎండకీ ఇంకుడికీ. పన్నెండు సెంటీమీటర్లనుకుంటే 37 వేలు. అన్నీ పోగా ఆరు లక్షల అరవై అయిదు వేలు మిగిలాయి. నేను చెప్పినదాంట్లో సగం.

టెస్టింగ్‌లో ఒక అలవాటు, ఒకే దారిలో వచ్చిన జవాబుని నమ్మం, వేరే దారిలో వెళ్ళి చూస్తాం. నాన్న లీటర్లలో ఆలోచించడు, ఇంజను గంటల్లో ఆలోచిస్తాడు. ఎకరాకి ఆరు గంటలు. మొదటి తడికి పన్నెండు గంటలు, రెండో తడికి ఏడున్నర, మొత్తం పంతొమ్మిదిన్నర. బోరున్న పక్క పొలం ఆయన్ని అడిగి, మా ఇంజను అక్కడి తొట్టి మీద పెట్టి, 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో ఫోన్లో చూశా. 21 సెకన్లు. గంటకి 34 వేల పైచిలుకు. పంతొమ్మిదిన్నర గంటలకి ఆరు లక్షల అరవై తొమ్మిది వేలు.

రెండు లెక్కలూ ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది, ఒప్పుకుంటా. బెత్తెడు అటూ ఇటూ అయితే ఇంత కుదరదు. కానీ ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని నోటుబుక్కు చూస్తుంటే నాకు సంతోషం వెయ్యలేదు. ఎకరం మీద అంగుళం నీళ్ళు నిలపాలంటే లక్షా మూడు వేల లీటర్లు కావాలి. రెండంగుళాల తడి, రెండెకరాలు, నాలుగు లక్షల పది వేలు. మూడు తడులకి పన్నెండు లక్షల ముప్పై వేలు. నా పదమూడు లక్షలు అందుకే ఆయనకి అంత నచ్చింది, సరిగ్గా సరిపోయింది. నిజం అంకె చెప్పి ఉంటే ఎకరం వదిలేసేవాడు. ఉన్న నీళ్ళతో ఆ ఒక్క ఎకరానికి మూడు తడులూ వచ్చేవి.

"నీకు అనుమానం రాలేదా నాన్నా, మూకుడులా ఉన్నదాన్ని రోజూ చూస్తావు కదా?"

"వచ్చింది. నువ్వు కంప్యూటరు మీద చెప్పావనుకున్నా."

ఆ మార్చిలో బెంగళూరులో నీటి కటకట వచ్చింది. తాగేనీళ్ళు ఈత కొలనుల్లో వాడితే 5,000 జరిమానా అని జలమండలి ఆర్డరు వేసింది. మా అపార్టుమెంట్లో పూల్ ఖాళీ చేశారు. అయిదేళ్ళుగా పైనించి చూస్తున్న పూల్‌కి అడుగు మొదటిసారి చూశా, ఊరి పిచ్చి ఇంకా వదల్లేదు కాబట్టి టేపు తీసుకుని దిగా. వాచ్‌మన్ వింతగా చూశాడు. పొడవు 15 మీటర్లు, వెడల్పు 7. గోడ మీద ఒక చివర 1.1 అని, రెండో చివర 1.8 అని రాసి ఉంది. సగటు 1.45 వేస్తే లక్షా యాభై రెండు వేల లీటర్లు. ఇంటర్వ్యూలో నేను వేసింది ఈ లెక్కే.

కానీ అడుగు ఒకే వాలుగా లేదు. తొమ్మిది మీటర్ల దాకా చదునుగా 1.1 ఉండి, చివరి ఆరు మీటర్లలోనే కిందికి దిగింది. రెండు ముక్కలు చేసి వేస్తే లక్షా ముప్పై వేలు. ఇరవై రెండు వేల తేడా. అంటే ఇంటర్వ్యూలో ఇంకో ప్రశ్న మిగిలిపోయిందన్నమాట: లోతు ఎక్కడ మొదలవుతుంది?

వేసవి సెలవుల్లో చెల్లెలి కూతుర్ని హంపి తీసుకెళ్ళాం. రాజప్రాంగణంలో మెట్ల పుష్కరిణి చూసే ఉంటారు. 1980ల్లో తవ్వకాల్లో బయటపడిన నల్లరాతి కొలను, దాదాపు 22 మీటర్ల చదరం, 7 మీటర్ల లోతు, అయిదు అంచెలు. రాళ్ళ మీద ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో, ఎక్కడ కూర్చోవాలో గుర్తులు చెక్కి ఉన్నాయి, అంటే ముందు లెక్క వేసుకుని తర్వాత పేర్చారు. పిల్ల వెంటనే అడిగింది: "మామయ్యా, ఇది పెట్టెనా మూకుడా?"

పెట్టె అయితే 3,388 ఘన మీటర్లు. మొన దాకా సన్నబడే గోపురాన్ని తలకిందులు చేసినట్టయితే అందులో మూడో వంతు, 1,129. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. అంచె అంచెనీ పెట్టెలా కొలిచి కూడాలి అని చెప్పా. తాడు దాటి దిగనివ్వరు కాబట్టి ఆ కూడిక మిగిలే ఉంది, దాని నోటుబుక్కులో ప్రశ్నగుర్తుతో.

తిరిగి వచ్చేటప్పుడు హొస్పేటలో డ్యాము దగ్గర ఆగాం. అక్కడ నాన్న మాట్లాడింది ఎక్కువ. తాతయ్య రోజుల్లో డ్యాము అంటే 133 టీఎంసీలు, పిల్లలకి ఎక్కంలా చెప్పేవాడట. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. 50 మీటర్ల పొడవు, 25 వెడల్పు, 2 లోతు ఉన్న ఒలింపిక్ పూల్‌లో 25 లక్షల లీటర్లు పడతాయి కాబట్టి టీఎంసీకి 11 వేల పైచిలుకు పూల్‌లు. 133 టీఎంసీలంటే పదిహేను లక్షల పూల్‌లు. ఏళ్ళ తరబడి ఒండ్రు చేరి ఇప్పుడు 105.788 అంటున్నారు, పన్నెండు లక్షల పూల్‌ల లోపు. మూడు లక్షల పూల్‌లు పట్టే చోటు మట్టయింది. మా హొండలో జానెడు లోపు ఒండ్రు చూసి బాధపడ్డవాణ్ణి, ఇది విని ఏమనాలో తెలియలేదు.

తమాషా ఏమిటంటే 2008 సర్వేలో 100.855 టీఎంసీలని వచ్చింది, 2016 సర్వేలో 105.788. ఎనిమిదేళ్ళలో మట్టి తగ్గదు కదా. డ్యాము మారలేదు, కొలిచిన తీరు మారింది. పడవ మీద తిరుగుతూ, ధ్వని కిందికి పంపి అది అడుగు తగిలి తిరిగొచ్చే సమయంతో లోతు కొలుస్తారు. ఎన్ని చోట్ల కొలిచారు, మధ్య ఖాళీల్లో అడుగు ఎలా ఉందనుకున్నారు, అనే దాన్ని బట్టి అంకె మారుతుంది. ఆ అయిదు టీఎంసీల తేడా మీద మూడు రాష్ట్రాల వాటాలు ఆధారపడతాయి. నాలాంటివాడు ఫోను భుజానికి నొక్కిపెట్టి చెప్పే అంకె కాదది.

ఆ ఏడే ఆగస్టు 10 రాత్రి 19వ గేటు చైను తెగి కొట్టుకుపోయింది. నిండు డ్యాము. గేటు పెట్టాలంటే నీళ్ళు దించాలి, దించితే పంటకి ఉండవు. కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్ దించి వారంలో ఆపారు. ఆ వారం మా క్యాంపులో ఎవరింట్లోనూ టీవీ కట్టలేదని అమ్మ చెప్పింది. 2025లో ఆ గేట్ల భయంతోనే 80 టీఎంసీల దగ్గర నిల్వ ఆపారు. మాకు హొండ లెక్క మళ్ళీ అవసరమైంది.

ఈసారి ఫోను వద్దన్నా. దసరాకి వెళ్ళి హొండలో ఒక ఇనుప గొట్టం పాతాం. చెల్లెలి కూతురూ నేనూ కలిసి దాని మీద లక్ష లీటర్లకో ఎర్ర గీత పెయింటు వేశాం. కింద గీతకీ గీతకీ మధ్య 40 సెంటీమీటర్లు, పైకి పోయేకొద్దీ దగ్గరవుతూ చివర పాతిక. నాన్న ఎకరం మిరప వేశాడు, రెండో ఎకరంలో జొన్న చల్లాడు.

పోయిన వారం వీడియో కాల్లో చూపించాడు, నీళ్ళు ఆరో గీత దాటాయి. పక్కన నిలబడ్డ కూలీ ఆయన, కన్నడాయన, గీతలు చూసి నవ్వుతున్నాడు, వేసినవాడికి కొలవడం రాలేదు, ఒకటి దూరం ఒకటి దగ్గర అని.

"కెళగె జాగ కడిమె ఇదె కణప్ప," అంటున్నాడు నాన్న, అరచేతుల్ని మూకుడులా పట్టి చూపిస్తూ. కింద చోటు తక్కువ కదయ్యా, అని.